దగ్గరలో వాగు ఉంది

ఎక్కడికి బయలుదేరినా ఆ చోటు గురించి నలభై ప్రశ్నలు అడగనిదే గాబ్రియేలన్న గడప దాటేవాడు కాదు. నలభై అన్నది మాటవరసకు చెప్పింది కాదు. ఒకసారి బల్లార్షాలో పెళ్లికి పిలవడానికి వచ్చినాయనను కూర్చోబెట్టి అడుగుతుంటే నేను పక్కనే ఉండి లెక్కపెట్టాను. పందిరి మొగం ఎటు? చెప్పులు ఎక్కడ విడవాలె? అక్కడ కావలి ఎవరుంటరు? ఆయనకు చూపు మంచిగుంటదా? ముప్పై ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆ మనిషి లేచి నిలబడి, "అన్నా, నువ్వు రాకున్నా మేమేం అనుకోం" అన్నాడు.

"నేను రాకుంటె నా వంతు అన్నం ఎవరికి పెడతరు?" అన్నాడు గాబ్రియేలన్న. అది ముప్పై తొమ్మిది. నలభయ్యోది, ఆ మనిషి సందు మలుపు తిరిగాక కేకేసి అడిగాడు.

పోయిన వానాకాలంలో గాబ్రియేలన్న పోయాడు. సమాధుల తోటలో పెట్టె దించే సమయానికి, "తాళ్లు అందుతాయా? ముందే కొలిచారా?" అని నా నోట్లోంచి వచ్చేసింది. ఫాదరుగారు ప్రార్థన ఆపి నావైపు చూశారు. ఆయన భార్య సువార్త వదిన మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ రోజు అక్కడ ఆ మాట ఎవరో ఒకరు అడగాలి కదా.

ఆయన మాజ్రి బొగ్గుగనిలో దీపాల గది చూసుకునేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న దీపం ఇవ్వాలి, పైకొచ్చాక తిరిగి తీసుకోవాలి. పని అంతే. దానికి ఆయన చేర్చుకున్నవి చాలా ఉన్నాయి. నీళ్లు పట్టినవా? మందు మింగినవా? ఇంట్ల చెప్పే వచ్చినవా, కొట్లాడి వచ్చినవా? వరస ఎప్పుడూ గేటు దాకా ఉండేది. ఓసారి మేనేజరు వచ్చి, "గాబ్రియేలు, నువ్వు దీపాలు ఇస్తున్నవా, లగ్గం సంబంధం మాట్లాడుతున్నవా?" అని అరిచాడట.

"లోపటికి పోయేటోన్ని ఇప్పుడు గాక ఎప్పుడడగాలె సాబ్?" అన్నాడట ఈయన.

సాయంత్రానికి గూట్లో ఒక్క దీపం తక్కువైనా, కింద ఒక మనిషి ఉన్నట్టు లెక్క. ఆ లెక్కతో బతికిన మనిషికి అడగడం రోగం అంటే నేను ఒప్పుకోను. కానీ అప్పట్లో నేనూ రోగమనే అనుకున్నాను.

ఇక నా సంగతి. నేను కోర్పనాలో పుట్టాను, రాజురా తహసీలు కచేరీలో ఉర్దూలో మిసిళ్లు, అంటే ఫైళ్లు, రాసేవాణ్ని. యాభై ఆరులో రాష్ట్రాలను విడదీసి అతికించినప్పుడు మా రాజురాను ఆదిలాబాదు జిల్లాలోంచి తీసి, బొంబాయి రాష్ట్రంలో నాందేడుకు కలిపారు. నా కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద మడిచిన కాగితం పెట్టుకునేవాణ్ని. నాకు సంబంధించినంతవరకు రాష్ట్రం మారడమంటే ఆ కాగితం మీద భాష మారడమే. మూడేళ్లు తిరక్కుండా మమ్మల్ని నాందేడు నుంచి కూడా తీసి చాందాకు కలిపారు. చంద్రపూర్‌ను అప్పుడు అందరం చాందా అనే అనేవాళ్లం. నన్ను ఆ ఊరికే బదిలీ చేశారు. అక్కడ దొరికిన అద్దె ఇంటి పక్క వాటాలో గాబ్రియేలన్న కుటుంబం ఉండేది. సువార్త వదిన మిషన్ ఆస్పత్రిలో నర్సు. ఆయన మాజ్రి నుంచి శనివారం సాయంత్రం రైలుకు వచ్చి సోమవారం పొద్దున వెళ్లేవాడు. నాకంటే ఏడేళ్లు పెద్ద. వచ్చిన మొదటి శనివారమే నన్ను తమ్ముణ్ని చేసుకుని, మా ఇంటి పెంకుల గురించి పదహారు ప్రశ్నలు అడిగాడు.

కొత్త కచేరీలో ఒక తాఖీదు ఉంది. నిజాం వైపు నుంచి వచ్చిన గుమాస్తాలు మరాఠీ పరీక్ష పాసవ్వాలి. రెండుసార్లు అవకాశం ఇస్తారు. రెండోసారీ తప్పితే నౌకరీ పోయినట్టే. మొదటిసారి నేను తప్పాను. నాది బజారు మరాఠీ. బెండకాయలు బేరం చెయ్యడానికి సరిపోయేది, మిసిలు రాయడానికి చాలేది కాదు. దేవనాగరి అక్షరాలైతే హిందీ పుణ్యమా అని పట్టుకోగలిగేవాణ్ని, మాటలే చేతికి చిక్కేవి కావు.

తప్పినందుకు కాదు, నేర్చుకోవాల్సి వచ్చినందుకు నాకు తల కొట్టేసినట్టుండేది. పన్నెండేళ్లు ఉర్దూలో పాముల్లా మెలికలు తిరిగే అందమైన రాత రాసిన చెయ్యి! ముప్పై ఆరేళ్ల వయసులో పలక పట్టుకోవాలా? పక్క వీధి మరాఠీ పంతులు దగ్గర చెప్పించుకోమని మా ఆవిడ అనసూయ అన్నందుకు ఒకపూట అన్నం మానేశాను.

"నౌకరీ పోతె పోనీ. కోర్పనా పోయి మీ అన్న దుకాణంల కూసుంట" అన్నాను.

"మా అన్న దుకాణం పొద్దుగాల ఆరింటికి తెరుస్తడు. ఆరింటికి నువ్వు ఏ పక్కకు ఒత్తిగిల్లి పంటవో నాకెరుక" అంది.

రాజీనామా కాగితం కూడా రాసి పెట్టుకున్నాను. ఉర్దూలో.

ఆ వచ్చిన ఆదివారం, గాబ్రియేలన్న చర్చి నుంచి తిన్నగా మా ఇంటికొచ్చాడు.

"తమ్మీ, మన రెండు ఇండ్లోళ్లం కలిసి అడివిల నాలుగు దినాలు ఉండాలె. తాడోబా దిక్కు ఫారెస్టోళ్ల పడావుంది."

"పడావా? బీడుపడ్డ భూమిల ఏముంటమన్నా?" అంది అనసూయ వంటింట్లోంచి.

"మన పడావు గాదు చెల్లే. మరాఠీల పడావంటె ముక్కాం. రెండు రేకుల గదులుంటయట, ఉత్త మంచాలుంటయట, పొయ్యికి మూడు రాళ్లుంటయట. మిగతాది మనమే కొంచవోవాలె."

"అట, అట అంటున్నవ్. సరిగ్గ తెల్వదా?" అన్నాను.

"అందుకే గద వచ్చిన. ముందుగల అడిగితె మనదేం పోతది? కాగితం తీయి. రేంజి ఆఫీసుకు మరాఠీల రాస్కో."

"నువ్వే రాయి. మరాఠీ గడగడ మాట్లాడతవ్ గద."

"నాది నోటి మరాఠీ తమ్మీ. అక్షరం ముక్క రాదు." ఇక్కడ ఆయన గొంతు కొంచెం తగ్గించాడు. "పైంగ, నీ చేతిరాత ముత్యాలని ఈ చాందాల ఎవనికి తెలుసు? ఒక్క నాకు తప్ప."

ఇంత మాట అన్నాక ఎవరు మాత్రం కాగితం తియ్యరు?

మొదటి ఉత్తరంలో పదకొండు ప్రశ్నలు. నాకు పగలంతా పట్టింది. మంచాలు ఎన్ని? తలుపు గడియ లోపలా బయటా? కిటికీలు మూసుకుంటాయా? కోతులు ఏ దిక్కు నుంచి వస్తాయి? నీళ్ల వసతి ఎట్లా? నేను మాట కోసం తడుముకుంటే ఆయన, "నోటితోని గిట్ల అంటరు, రాసుడైతె నీకే ఎరుక" అని ఒక మాట వదిలేవాడు. దాన్ని హ్రస్వంతో రాయాలో దీర్ఘంతో రాయాలో నేను తలబద్దలు కొట్టుకునేవాణ్ని. నేను రాసినంతసేపూ ఆయన చూరు చూస్తూ కూర్చునేవాడు, అక్షరాలంటే భయమున్నవాడిలాగా.

పది రోజులకు జవాబు వచ్చింది. కింద సంతకం ప్రహ్లాద్, రేంజి ఆఫీసు గుమాస్తా. ఆదివారం అందరూ చుట్టూ చేరితే నేను మధ్యలో కూర్చుని చదివి అర్థం చెప్పాను. మంచాలు నాలుగు. పరుపులు లేవు. బావి ఉంది. ఆ తర్వాత ఒక వాక్యం: "జవళ్ వాఘ్ ఆహే. సావధాన్ అసావే."

నా ప్రాణం లేచివచ్చింది. అన్నీ తెలిసిన మాటలే!

"దగ్గరలో వాగు ఉంది. సావధానంగా ఉండొచ్చు" అని చదివాను.

సువార్త వదినకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. గాబ్రియేలన్న తల వంచుకుని తన చెప్పులు చాలాసేపు పరీక్షగా చూశాడు. మళ్లీ తలెత్తేసరికి మొహం గంభీరంగా ఉంది.

"వాగున్నదంటివా?"

"స్పష్టంగ రాసిండు."

"మంచిదాయె. అయితె తమ్మీ, ఆ వాగు సంగతి పూరా అడగాలె గద. రాస్కో."

ఆ రెండో ఉత్తరం తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. మా కోర్పనా వైపు ఆ జంతువును మేం పులి అనేవాళ్లం, కచేరీలో షేర్ అని రాసేవాళ్లం, మరాఠీ రైతులైతే భయానికి అసలు పేరే ఎత్తకుండా "జనావర్" అని ఊరుకునేవాళ్లు. కాబట్టి నేను ఏ అనుమానమూ లేకుండా, నా ముత్యాల్లాంటి రాతతో, ప్రభుత్వం వారిని ఇలా అడిగాను: వాఘ్ ఎంత వెడల్పు ఉంటుంది? మోకాటి లోతా, నడుం లోతా? ఎండాకాలంలో ఎండిపోతుందా? వానాకాలంలో గదుల దాకా వస్తుందా? మేము అందులో స్నానం చేయవచ్చునా? ఆడవాళ్లకు వేరే రేవు ఉందా?

బట్టలు ఉతుక్కునే సంగతి అనసూయ గుర్తుచేసింది. అదీ చేర్చాను.

జవాబు రావడానికి నెల పట్టింది. ఈలోపు నేను కచేరీలో ఊరుకున్నానా? వచ్చీరాని మరాఠీలో, "మేము వాఘ్ పక్కన నాలుగు రోజులు ఉండబోతున్నాం. పిల్లాజెల్లాతో సహా అందులోనే స్నానాలు" అని పెద్ద గుమాస్తాకు చెప్పాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు. మర్నాటి నుంచి నన్ను "అనంతరావ్‌జీ" అని పిలవడం మొదలుపెట్టాడు. నీళ్ల కుండ నా బల్ల దగ్గరికి జరిగింది. నా చేతిరాతకు దక్కిన గౌరవం అనుకున్నాను.

ప్రహ్లాద్ అనే ఆ మనిషిని నేను తర్వాత ఒకే ఒక్కసారి చూశాను. బక్కగా, కళ్లద్దాలతో, నవ్వని మొహంతో ఉండేవాడు. అలాంటి వాళ్లకే ఇలాంటి జవాబులు సాధ్యం. ఆయన వరసగా రాశాడు: వాఘ్ వెడల్పు కొలిచిన దాఖలా ఈ కచేరీలో లేదు. ఎండాకాలంలో ఎండిపోయే రకం కాదు. వానాకాలంలో గదుల దాకా వచ్చిన సందర్భాలు రెండు ఉన్నాయి. ఆడవాళ్లకు వేరే ఏర్పాటు లేదు, అందరికీ ఒకటే. చివరన: "వాఘాత్ స్నాన్ కరణ్యాచీ పరవానగీ దేతా యేత్ నాహీ." అందులో స్నానం చెయ్యడానికి అనుమతి ఇవ్వలేము.

నాకు ఒళ్లు మండింది.

"చూసినవా అన్నా! నిజాం జమానాల గూడ వాగుల మునుగొద్దని ఎవ్వడు అనలే! కొత్త రాష్ట్రం అంటె నీళ్లకు గూడ తాళమా?"

"జులుం తమ్మీ, శుద్ధ జులుం" అన్నాడు గాబ్రియేలన్న. "గట్టిగ రాయాలె. గని, గట్టి మాటలు మరాఠీల నీకు వస్తయా? మామూలు మాటలైతె నోటితోని నేను చెప్త. సర్కారును నిలదీసే మాటలు నాకేడికెల్లి వస్తయి?"

"నేనే సంపాదిస్త" అన్నాను.

పలక పట్టనన్నవాణ్ని ఆ సాయంత్రమే ఊళ్లో వాచనాలయానికి వెళ్లి, లావుపాటి మరాఠీ నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. "వాజవీ" అంటే న్యాయమైనది అనే మాట పనికొస్తుందని ఎవరో చెప్పారు. దాని కోసం పేజీ తీసి వేలితో వరసలు దిగుతుంటే, దానికి పైన కొంచెం దూరంలో నా వాగు కనిపించింది. పాత స్నేహితుడు కనిపించినట్టు ఆగాను. పక్కన అర్థం ఇచ్చారు: ఒంటి మీద పట్టెలు గల హింస్ర పశువు.

వాగు ఒంటి మీద పట్టెలేమిటి? ఇసుక చారలేమో అనుకున్నాను. మరి పశువు? హింస్ర అంటే ఏమిటో చూశాను. అక్కడ ఇచ్చిన రెండు మాటలూ తెలియలేదు. వాటినీ చూశాను. ఒక మాట ఇంకో మాట దగ్గరికి పంపడం, అది వేరే మాట దగ్గరికి పంపడం, కచేరీలో మిసిలు తిరిగినట్టే తిరిగాను. చివరికి "మాంసం తినే" అన్న చోట తేలాను. వెంటనే "సావధాన్" తీశాను. జాగ్రత్త, మెలకువ, ప్రమాదం ఉన్నచోట అప్రమత్తంగా ఉండడం.

పెద్ద గుమాస్తా మొహం కళ్లముందు ఆడింది. నీళ్ల కుండ ఎందుకు జరిగిందో అప్పుడు తెలిసింది.

వాచనాలయం వాళ్లు దీపం తగ్గించి "ఇక లేవండి" అనేదాకా అక్కడే ఉన్నాను. సిగ్గుతో కాదు. సిగ్గు మొదటి పావుగంటే. ఆ తర్వాత, మన మాట వేషం వేసుకుని తిరుగుతున్న మరాఠీ మాటలు ఇంకెన్ని ఉన్నాయో చూద్దామని పేజీలు తిప్పుతూ ఉండిపోయాను. పుస్తకం మీద అంత ఆశగా వంగి నేను కూర్చుని పదేళ్లయింది.

ఆదివారం గాబ్రియేలన్న కనబడగానే విరుచుకుపడ్డాను.

"అన్నా! అది వాగు గాదు! పులి! పులి వెడల్పు అడిగినం! పులిల బట్టలు ఉతుకుతమన్నం!"

"అయ్యో!" ఆయన గుండెమీద చెయ్యేసుకున్నాడు. "పులా?"

"పట్టెల పులి!"

ఆయన కాగితం నా ముందుకు జరిపాడు.

"అయితె అడిగేటియి మారినయ్ తమ్మీ. రాస్కో. ఏ దిక్కు నుంచి వస్తుండు? ఏ యాళ్లకు వస్తుండు? ఒక్కడేనా, ఇంటోళ్లతోని వస్తుండా?"

నేను క్షమాపణతో మొదలుపెట్టి మూడో ఉత్తరం రాశాను. ఈసారి ప్రతి మాటా నిఘంటువులో చూసి రాశాను. ప్రహ్లాద్ జవాబులో చివరి వాక్యం నాకు ఇప్పటికీ కంఠస్థం: తమ భాష కుదుటపడింది, వాఘ్ కూడా కుశలమే.

అలా సాగింది. ఆదివారం వచ్చిందంటే ప్రశ్నలు. అరవైలో మహారాష్ట్ర ఏర్పడ్డాక ప్రహ్లాద్ జవాబుల పైన "బొంబాయి రాష్ట్రం" అన్న అచ్చు మాటను సిరాతో కొట్టేసి కొత్త పేరు రాసి ఉండేది. రాష్ట్రం మారింది గానీ మా ప్రశ్నలు ఆగలేదు. బావి తాడు పొడవెంత అని గాబ్రియేలన్న మూడు ఉత్తరాల్లో అడిగించాడు. తాడు కొలిచే పద్ధతి ఈ కచేరీకి లేదని మొదట రాసిన ప్రహ్లాద్, మూడోసారికి లొంగిపోయి, చౌకీదారు పోశం చేత కొలిపించి పంపాడు: పదకొండు బారలు, నీళ్లకు రెండు బారలు తక్కువ.

"సూసినవా? అడిగితె మనదేం పోయింది?" అన్నాడు గాబ్రియేలన్న, లోకం జయించినట్టు.

"పోయేటట్టే ఉంది. పడావుకు పోయేదెన్నడు? ఈ ఉత్తరాల తోనే అడివి ఒడిసిపోతది" అంది అనసూయ.

మా ప్రయాణం ఎప్పుడూ వచ్చే నెలలోనే ఉండేది. ఏదో ఒక ప్రశ్న మిగిలిపోయేది. ఇరవై నెలల్లో ఇరవై మూడు ఉత్తరాలు రాశాను. చివరి పదింటికి నిఘంటువు తెరిచిన గుర్తు లేదు. ప్రహ్లాద్ కొంటె జవాబుకు నేనూ కొంటెగా రాసే దశకు వచ్చాం. ఆయన ఒకసారి, కిటికీ రెక్క ఒకటి మూసుకోదు గనక పులికి గాలి బాగా ఆడుతుంది, అని రాస్తే, దాని ఆరోగ్యం కోసం రెండోదీ తీసి ఉంచమని నేను రాశాను.

ఇంతలో పరీక్ష తేదీ వచ్చింది. అదే చివరి అవకాశం. రాజీనామా కాగితం పెట్టెలో ఎక్కడో అడుగున ఉంది. పరీక్షకు పోతావా అని అనసూయ అడగలేదు, ఉతికిన చొక్కా మాత్రం తీసి పెట్టింది. గాబ్రియేలన్న ఆ వారం మాజ్రి నుంచి ఒకరోజు ముందే వచ్చాడు.

"ఎన్ని గంటలకు? కలాలు ఎన్ని? సిరా బుడ్డి మూత బిగుతుగుందా? కూసుండే బల్ల ఊగుతదా? ఊగితె కింద పెట్టనీకి కాగితం ఉన్నదా?"

బల్ల నిజంగానే ఊగింది. ఆయన నా జేబులో పెట్టిన కాగితం మడిచి కింద పెట్టాను. ఒక మిసిలు అనువాదం, ఒక తాఖీదు సారాంశం అయ్యాక, మూడో ప్రశ్న వేరే కచేరీని వివరాలు కోరుతూ లేఖ రాయమని. నాకు నవ్వొచ్చింది. వివరాలు కోరడమా! ఇచ్చిన విషయం ఏదో చెరువు గట్టు మరమ్మతు. దాని మీద నేను రాసిన ప్రశ్నలు చూసి, దిద్దినాయన ఆ గట్టు తన పొలం పక్కదే అన్నంత కంగారు పడి ఉంటాడు.

పాసయ్యాను. రాజీనామా కాగితంతో అనసూయ పొయ్యి రాజేసింది. ఫలితం తెలిసిన ఆదివారం గాబ్రియేలన్నను, "ఇంకేమన్న అడిగేదున్నదా?" అన్నాను, కాగితం తీస్తూ.

"లే. అన్నీ అయినయ్. పోదాం పద."

అంత హఠాత్తుగా ఆయన ప్రశ్నలు ఎలా అయిపోయాయో నాకు అప్పుడు తట్టలేదు.

జనవరి చలిలో బస్సు దిగి, ఎడ్లబండి కట్టించుకుని, రెండు కుటుంబాలం మధ్యాహ్నానికి పడావు చేరాం. రెండు రేకుల గదులు, మూడు రాళ్ల పొయ్యి, బావి. చౌకీదారు పోశం తలపాగా సర్దుకుంటూ వచ్చాడు.

"దండాలు గాబ్రియేలు సాబ్! మల్ల వస్తిరి?"

గాబ్రియేలన్నకు భార్య దగ్గు అంటుకుంది.

"మల్లనా?" అన్నాను.

"ముసలోడు గద తమ్మీ, ఎవల్ని జూసి ఎవలనుకున్నడో" అంటూ ఆయన సంచీ విప్పి, సరిగ్గా రెండు బారల తాడు తీసి, బావి వైపు గబగబా నడిచాడు.

ఆయన పేరు పెట్టి మరీ పిలిచినవాడు ఇంకెవరో అనుకున్నాడంటే ఎలా?

పోశం నా ముందు రిజిస్టరు పెట్టాడు. వచ్చినవాళ్లు పేరు, ఊరు, తమ అభిప్రాయం రాయాలి. సంతకం పెట్టే ముందు, ఊరికే, వెనక్కి తిప్పాను. అరవై, యాభై తొమ్మిది, యాభై ఆరు. యాభై నాలుగు డిసెంబరు దగ్గర నా చెయ్యి ఆగింది. మిగతావాళ్లందరూ ఒకటి రెండు వరసలు రాస్తే, అక్కడ ఒకే మనిషి రెండు పేజీలు నింపాడు. మరాఠీలో. ఏ అక్షరం ఒంపు ఆ అక్షరానికే ఉండి, పైగీత ఎక్కడా వంకర పోకుండా, నా ముత్యాలు సిగ్గుపడి మూలకు దొర్లే రాత.

తలుపుకు గడియ బయటే ఉంది. లోపల ఉన్నవాడు ఎలా వేసుకోవాలి? కిటికీలు రెండు, ఒక రెక్క మూసుకోదు, ఎందుకు? కోతులు పడమటి నుంచి వస్తాయి. బావి తాడు రెండు బారలు తక్కువ, ఎవరూ కొలవలేదా? మూడో రోజు సాయంత్రం బావి అవతల వాఘ్ వచ్చి, దొరువులో నీళ్లు తాగి, మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా పోయింది.

కింద: గాబ్రియేల్, దీపాల గది, మాజ్రి.

ఇరవై మూడు ఉత్తరాలకు జవాబులన్నీ అక్కడే ఉన్నాయి. ప్రశ్నలు కూడా.

పొయ్యి దగ్గర ఊదుతున్న అనసూయను పిలిచి చూపించాను. దానికి మరాఠీ చదవడం రాదు, కానీ కింద పేరు ఎవరిదో నా మొహం చూసి కనిపెట్టింది.

"నువ్వు రాజీనామా రాసిన దినం, నల్లా కాడ సువార్తక్క తోని చెప్పుకొని ఏడ్చిన" అంది మెల్లగా. "అది శనివారం."

ఆయన వచ్చింది ఆదివారం.

బావి దగ్గర గాబ్రియేలన్న పాత తాడుకు కొత్త తాడు ముడివేస్తూ పోశాన్ని అడుగుతున్నాడు. "మొన్నటి వానలకు వచ్చిండా? బక్కవడ్డడా? ఇప్పటికీ ఆ పక్కకెల్లే దిగుతుండా?" పులి యోగక్షేమాలవి. అవి మాత్రం నిజంగా తెలియక అడుగుతున్నవే.

వెళ్లి నిలదీద్దామని లేచాను. ఏమని? అక్షరాలు రావని నాతో ఇరవై నెలలు అబద్ధం చెప్పావని? చూరు చూస్తూ కూర్చున్నావని? నేను పులి కొలతలు అడుగుతుంటే చూసి ఊరుకున్నావని? కూర్చున్నాను. కలం తీసి, అభిప్రాయం అన్న చోట మరాఠీలో ఒక వాక్యం రాశాను: "వాఘాత్ స్నాన్ ఝాలే నాహి." పులిలో స్నానం జరగలేదు.

గాబ్రియేలన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తెరిచి ఉన్న రిజిస్టరు చూశాడు. ఏ సంవత్సరం పేజీ తెరిచి ఉందోనని ఆయన కళ్లు ఒక్కసారి తేదీ మీదికి వెళ్లడం చూశాను. నేను ఇవాళ్టి పేజీయే తెరిచి ఉంచాను.

"ఏం రాసినవ్ తమ్మీ?"

చదివి వినిపించాను, తెలుగులో అర్థం కూడా చెప్పాను. మొదటిసారి వింటున్నవాడిలా చెంపకు చెయ్యి ఆనించుకుని విన్నాడు. నవ్వాడు. ఇంకా ఆ వాక్యం మీదే చూస్తూ, చూస్తూ, ఆగలేకపోయాడు.

"'నాహీ'కి చివర దీర్ఘం ఇయ్యలే నువ్వు."

పొయ్యి దగ్గర సువార్త వదిన ఊదడం ఆపింది. ఆయన నాలిక కరుచుకున్నాడు.

"అంటే... గట్లనిపిచ్చింది. నాకేమెరుక? నాది నోటి మరాఠీ."

నేను కలం ముంచి, ఆ అక్షరానికి దీర్ఘం పెట్టాను.

"ఇప్పుడు సరిపోయిందా అన్నా?"

"ఏమో తమ్మీ" అన్నాడు రేకుల కప్పు వైపు చూస్తూ. "చదివి చెప్పు. నాకెట్ల తెలుస్తది?"